పెరట్లో నేల ఉసిరి, చేతిలో రక్తపరీక్ష చీటీ

రక్తాన్ని గాజు గొట్టంలోకి తీసి, గడ్డకట్టనిచ్చి, యంత్రంలో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగిపోయి పైన తేట మిగులుతుంది. దాన్ని సీరం అంటాం. ఆరోగ్యంగా ఉన్నవారి సీరం ఎండుగడ్డి నానిన నీళ్లలా లేత పసుపు రంగులో ఉంటుంది. కామెర్లు ముదిరినవారిది ఆవనూనెలా ఉంటుంది. విజయనగరంలో ఒక రక్తపరీక్షల గదిలో 30 ఏళ్లపాటు ఆ గొట్టాలను కిటికీ వెలుగుకు ఎత్తి చూశాను. చివరి పదేళ్లలో యంత్రం అంకె చూపకముందే బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే ఆ పసుపు పదార్థం, అయిదు దాటిందో, పది దాటిందో దాదాపుగా చెప్పేదాన్ని.

ఇది నా ఉద్యోగం సంగతి. పుట్టుకకు వస్తే, చీపురుపల్లి దగ్గర పల్లెలో కామెర్లకు నేల ఉసిరి మొక్క పసరు ఇచ్చే ఇంటి మనవరాలిని నేను. అమ్మ తండ్రి, మా తాతయ్య, ఆదివారం, బుధవారం తెల్లవారేసరికి అరుగు మీద కూర్చునేవారు. డబ్బు ముట్టేవారు కాదు. పసరు నూరే పని అమ్మమ్మదీ నాదీ. రోలు కడిగినా ఆ పచ్చి వాసన నా చేతులను మధ్యాహ్నం దాకా వదిలేది కాదు.

అందుకని బంధువులు, పాత పరిచయస్తులు రెండు వైపుల ప్రశ్నలూ నన్నే అడుగుతారు. రిపోర్టు ఫోనులో పంపించి, కిందనే "నేల ఉసిరి తాగవచ్చా?" అని రాస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది. ఇంట్లో నేను ఏమి చేస్తానో, ఏమి చేయనో ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను. మీ వైద్యుడు వేరే మాట చెబితే ఆయన మాటే వినండి.

మొదట మలం రంగు

ఆకు దగ్గరకు వెళ్లేముందు మా మామయ్య సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకు కళ్లు పచ్చబడ్డాయి. పసరు ఇచ్చే ఇంట్లో పుట్టినవాడు ఇంకెక్కడికి వెళ్తాడు? తాతయ్య తన కొడుక్కి తనే పసరు పోశారు. మొదటి వారం, రెండో వారం, మూడో వారం. పచ్చదనం తగ్గకపోగా ఒళ్లంతా దురద పట్టుకుంది. రాత్రిళ్లు వీపును గుమ్మానికి రాసుకునేవాడు. నేను సెలవుకు వెళ్లినప్పుడు అత్తయ్య నన్ను పక్కకు పిలిచి, "దొడ్డికి వెళ్తే తడిసిన సుద్దలా తెల్లగా వస్తోందట" అని చెప్పింది. మర్నాడే బస్సెక్కించాను. పిత్తనాళంలో రాయి అడ్డం పడింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తీశారు. మామయ్య బతికాడు. ఆ మూడు వారాలూ పసరు కడుపులోకి వెళ్తూనే ఉంది, రాయి ఉన్నచోటే ఉంది.

ఆ తర్వాత తాతయ్య అరుగు మీద ఒక మార్పు వచ్చింది. ఎవరు వచ్చినా పసరు గిన్నె ముట్టుకోకముందు, "దొడ్డికి ఏ రంగులో అవుతోంది?" అని అడిగేవారు. తెల్లగా అంటే, "నా దగ్గర దీనికి మందు లేదు, పట్నం వెళ్లు" అని పంపేసేవారు. చదువు రాని మనిషి. ఈ ఒక్క ప్రశ్నతో ఆయన ఎంతమందికి మేలు చేశారో లెక్క తెలియదు.

దీని వెనుక ఉన్నది ఇదీ. పాత ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ పుడుతుంది. కాలేయం దాన్ని పట్టి పైత్యరసంతో పాటు పేగులోకి పంపుతుంది. మలానికి ఆ గోధుమ రంగు వచ్చేది దానివల్లే. దారి మూసుకుపోతే రంగు పేగులోకి రాదు, మలం తెల్లబడుతుంది. వెనక్కి తన్నిన బిలిరుబిన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరి మూత్రం బెల్లపు టీలా అవుతుంది. అడ్డుపడింది రాయి కావచ్చు, గడ్డ కావచ్చు. పెద్ద వయసువారికి నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, మనిషి చిక్కిపోతుంటే అది మరింత అనుమానించవలసిన సంగతి. ఏ ఆకూ ఆ అడ్డు తీయదు. కడుపు స్కానింగు చేయించాలి.

చీటీలో ఏమి చూడాలి

కాలేయ పరీక్ష అంటే చీటీలో ఏడెనిమిది అంకెలు వస్తాయి. అన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. మొత్తం బిలిరుబిన్ మామూలుగా 1.2 లోపు ఉంటుంది. రెండున్నర, మూడు దాటితేగాని కంటి తెల్లగుడ్డులో పసుపు తెలియదు. కాబట్టి కళ్లు తెల్లగా ఉన్నాయి కదా అని కాలేయానికి ఏమీ కాలేదనుకోకండి. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు పెరుగుతాయి. ఎస్‌జీపీటీ సాధారణంగా 40 లోపు. నీళ్ల ద్వారా వచ్చే కామెర్లలో అది వేలల్లోకి పోతుంది. తాగుడు వల్ల దెబ్బతిన్న కాలేయంలో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటి కనిపించడం తరచు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైము బాగా పెరిగిందంటే పైత్యరసం దారిలో అడ్డు ఉందేమో చూడమని అర్థం.

వీటితోపాటు వైరస్‌ల వల్ల కాలేయం వాచే హెపటైటిస్ బి, సి జబ్బుల పరీక్షలు జీవితంలో ఒక్కసారైనా చేయించుకోండి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం. సి రకానికి ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతోంది. బి రకానికి టీకా ఉంది. పెద్దవాళ్లకు మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. కాలేయాన్ని కాపాడే మూలిక ఏదని ఎవరైనా అడిగితే నాకు ముందు ఈ టీకాయే గుర్తుకొస్తుంది. ఆకు కాదు కాబట్టి ఎవరూ ఒప్పుకోరు.

పసరుకు పేరెలా వచ్చింది

మన ఊళ్లలో వానాకాలంలో వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ రకాలవి. మురుగు కలిసిన నీళ్లతో వస్తాయి. చాలామందిలో వాటంతట అవే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గిపోతాయి. తాతయ్య పసరు కోర్సు మూడు వారాలు, ఆ పైన పత్యం మూడు వారాలు. లెక్క ఎలా సరిపోయిందో చూడండి! కాలేయం తన పని తాను చేసుకుంది, పేరు పసరుకు వచ్చింది. తాతయ్యను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వచ్చినవారికి నీళ్లు కాచి తాగమని, నాటుసారా మానమని, పడుకోమని చెప్పింది ఆయనే. ఆ మూడూ గట్టి వైద్యమే.

నేల ఉసిరిలో అసలు ఏమీ లేదా అంటే, అలాగని కూడా చెప్పలేను. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లూంబర్గ్ కూడా ఈ మొక్క మీద పనిచేశారు. 1988లో మద్రాసు పరిశోధకులు ఆయనతో కలిసి లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. హెపటైటిస్ బి ఉన్నవారికి 30 రోజులు ఫిల్లాంథస్ అమారస్, అంటే మన నేల ఉసిరి పొడి ఇస్తే, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా అయిందని అందులో ఉంది. ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత ఇతరచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2011లో అన్ని పరీక్షలనూ ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష నమ్మదగిన రుజువు లేదని తేల్చింది. ఎలుకల్లో మాత్రం విషంతో దెబ్బతిన్న కాలేయాన్ని ఇది కొంత కాపాడినట్టు చాలా ప్రయోగాల్లో కనిపించింది. మనం ఎలుకలం కాము, అలాగని ఆ ప్రయోగాలను పూర్తిగా కొట్టిపారేయలేము. అందుకే నేల ఉసిరి నా ఇంట్లో మందుల పెట్టెలో ఉండదు. పెరట్లో, ఆకుకూరల పక్కన ఉంటుంది.

నేల ఉసిరి: పట్టుకోవడం, నూరడం

ఇది మొదటి వానలకు మొలిచి, వినాయక చవితి నుంచి దసరా తర్వాత వచ్చే పైడితల్లి సిరిమానోత్సవం దాకా బాగా ఎదుగుతుంది. జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు. సన్నటి రెమ్మకు రెండు వైపులా చింతాకు లాంటి చిన్న ఆకులు. రెమ్మను తిరగేసి చూడండి, అదే అసలు గుర్తు. ఆకుల అడుగున, రెమ్మ వెంబడి, ఆవగింజకు కాస్త పెద్దవైన పచ్చటి కాయలు వరుసగా వేలాడుతుంటాయి. పైనుంచి చూస్తే ఒక్కటీ కనపడదు. కాయలు కాడ లేకుండా రెమ్మకు అతుక్కుని, గరుకుగా, ఎర్రజీరతో ఉంటే అది దగ్గరి చుట్టమైన మరో రకం. విషం కాదు గాని మనం వెతికేది అది కాదు.

ఇంకో పరీక్ష కాండం తుంచి చూడటం. పాలు కారితే పారేయండి. రెడ్డివారి నానుబాలు, దాని జాతి చిన్న మొక్కలు కొన్ని నేల ఉసిరి పక్కనే పెరుగుతాయి, తొందరలో చేతిలోకి వచ్చేస్తాయి. నేల ఉసిరికి పాలు ఉండవు.

ఎక్కడ కోస్తున్నారో అదీ ముఖ్యమే. చిన్నప్పుడు మేము వరిగట్ల మీద కోసేవాళ్లం. ఇప్పుడు గట్లకు కలుపు మందు కొట్టని రైతు అరుదు. మందు కొట్టిన రెండు రోజుల దాకా మొక్క పచ్చగానే కనపడుతుంది. కాలేయం కోసమని వెళ్లి కలుపు మందు తాగడం ఎందుకు? రైలు కట్ట పక్కన, మురుగు కాలువ ఒడ్డున, కుక్కలు తిరిగే ఖాళీ స్థలాల్లో కూడా కోయను. ఒక కుండీలో మట్టి నింపి ఒక్క మొక్క పెట్టుకుంటే చాలు.

తాజా మొక్కను వేరుతో సహా పీకి, వేరు మట్టి వదిలేదాకా మూడు నీళ్లలో కడగాలి. చివరి నీళ్లు కాచి చల్లార్చినవి కావాలి. ఈ ఒక్కటి మా తాతయ్యకు తెలియదు. చెరువు నీళ్లతోనే కడిగేవాళ్లం. కామెర్లు తెచ్చిన నీళ్లనే కామెర్ల మందులో పోశామన్న మాట. తర్వాత రెండు చెంచాల నీళ్లు చల్లి రోట్లో మెత్తగా నూరి, ఉతికిన పల్చటి గుడ్డలో పిండాలి. గుప్పెడు మొక్కకు రెండు చెంచాల రసం వస్తుంది. ముదురాకుపచ్చగా, నాలుక మీద ముందు చేదు, తర్వాత కాస్త వగరు. ఆయుర్వేదంలో చెప్పే మోతాదు రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల రసం, అంటే టీ చెంచాతో రెండు నుంచి నాలుగు. నేను రెండుతో ఆపుతాను. ఒక గ్లాసు పల్చటి మజ్జిగలో కలిపి ఉదయం తాగడం, అంతే. రెండు వారాలకు మించి ఎవరికీ ఇవ్వను. పదిహేనో రోజున మళ్లీ రక్తపరీక్ష. అంకెలు దిగకపోతే ఆకు ఆపి వైద్యుడి దగ్గరకు. అంకెలు పెరిగితే పదిహేను రోజులు కూడా ఆగకండి.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు ఇవ్వను. ఎవరెంత అడిగినా ఇవ్వను. హెపటైటిస్ ఇ నెలలు నిండిన గర్భిణికి వస్తే ప్రతి నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం మీదికి రావచ్చు. అక్కడ ఒక్క రోజు ఆలస్యం కూడా కుదరదు.

ఉద్దానం వారికి ఒక మాట. మా చెల్లెలి అత్తవారిల్లు కవిటి. మరిదిగారు ప్రతి ఏడాదీ ఎండు నేల ఉసిరి పంపమంటారు. నేను ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చీటీ పంపమంటాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో చెప్పనక్కరలేదు. ఈ మొక్క మూత్రం ఎక్కువ అయ్యేలా చేస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నాయో లేదో తెలియకుండా ఆ ప్రాంతంలో ఎవరూ ఏ కషాయమూ మొదలుపెట్టకూడదు. మరిదిగారికి కోపం వచ్చింది. రెండు పండగలకు ఫోను చేయలేదు. తర్వాత చీటీ పంపారు.

మిగిలినవి

గుంటగలగర ఆకు నాకు ఇష్టం. కారణం సులువు, అది కూర. చెరువు గట్టు మీద, తడి నేలలో తెల్లటి చిన్న పూలతో పాకుతుంది. కాండాన్ని వేళ్ల మధ్య నలిపి కాసేపు ఆగితే వేళ్లు నీలం కలిసిన నలుపుకు తిరుగుతాయి. అలా తిరిగితే అది గుంటగలగరే. రోడ్డు మధ్య పెంచే పసుపు పూల పాకుడు మొక్కను కూడా కొందరు ఇదే అంటారు, కాదు. లేత ఆకు గుప్పెడు కోసి కందిపప్పులో వేసి, వెల్లుల్లి తాలింపు పెడితే కాస్త చేదుగా, కమ్మగా ఉంటుంది. వారానికి ఒకసారి చేస్తాను. పప్పుగా తిన్నది ఎవరికీ హాని చేసినట్టు నేను చూడలేదు.

నేలవేము వేరే రకం మనిషి. నాలుగు పలకల కాండం, ఊదా గీతలున్న తెల్ల పూలు. నాలుక మీద పెడితే సాయంత్రం దాకా ఆ చేదు వదలదు. సాలూరు వైపు సంతల్లో ఎండు కట్టలు అమ్ముతారు. అర చెంచా పొడిని గ్లాసు నీళ్లలో సగానికి మరిగించి అయిదు రోజులు తాగేవారు మా ఇంట్లో ఉన్నారు, నేను మాత్రం తాగను. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకునేవారు దీన్ని తాగితే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. రక్తపోటుకు మాత్రలు, రక్తం పలచబడటానికి మాత్రలు వాడేవారూ దీని జోలికి పోకూడదు. అటికమామిడిని కాళ్ల వాపుకు వాడతారు. కాలేయ రోగికి కాళ్లు వాచాయంటే అది ఇంటి వైద్యం చేసే దశ కాదు, అందుకని దాని గురించి ఇంతే.

కటుకరోహిణి మన నేలలో పండదు. అది హిమాలయాల్లో, మూడువేల మీటర్ల పైన దొరికే వేరు. ఖరీదైనది, అరుదైనది, కాబట్టి కల్తీ కూడా ఎక్కువ. దుకాణంలో కాలేయానికని అడిగితే ఇచ్చే ఆరోగ్యవర్ధిని మాత్రల్లో ఈ వేరు ఉంటుంది, దానితోపాటు పాదరసం, రాగి భస్మాలు కూడా ఉంటాయి. ఆయుర్వేద పట్టా ఉన్న వైద్యుడు చూసి రాయకుండా వాటిని కొనకండి. ఎవరో మందుల పొట్లం కట్టి, లోపల ఏముందో చెప్పకపోతే అది అసలు ఇంట్లోకే రాకూడదు.

ఆకే దెబ్బ కొట్టినప్పుడు

కోవిడ్ రోజుల్లో మా వీధిలో ప్రతి గోడ మీదికీ తిప్పతీగ ఎక్కింది. మా పక్కింటావిడ ఆరు నెలలు వదలకుండా రోజుకు రెండు పూటలా దాని కషాయం తాగింది. ఆవిడకు థైరాయిడ్ ఉంది. ఒక రోజు మూత్రం రంగు మారిందని వచ్చింది. రక్తం తీసి తిప్పాను. గొట్టాన్ని ఎత్తాను. ఆవనూనె. ఎస్‌జీపీటీ ఎనిమిది వందల పైన. వైరస్‌లు ఏవీ లేవు. వైద్యుడు కషాయం ఆపించాడు, నెలన్నరలో అంకెలు దిగాయి. 2021లో ముంబయి వైద్యులు ఇలాంటి కేసులు ఆరింటిని ప్రకటించారు, మరుసటి ఏడాది దేశంలో పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి మరికొన్ని డజన్ల కేసులు రాశారు. తమ రోగనిరోధక శక్తి తమ మీదే తిరగబడే తత్వం ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనపడింది. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, పోలికలున్న మరో తీగను పొరబడి వాడి ఉంటారని అంది. అదీ జరిగి ఉండవచ్చు. పక్కింటావిడ గోడ మీద ఉన్నది ఏ తీగో నేనూ నిలదీసి చూడలేదు. ఏదైనా సరే, తాగిన మనిషికి తేడా ఏముంది?

పసుపు సంగతీ అంతే. కూరలో వేసే పసుపుకు భయం లేదు. మిరియాల సారం కలిపి, ఒంటికి బాగా పట్టేలా చేసి అమ్మే పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవారు అమెరికాలో, ఇటలీలో కనపడ్డారు. పోపులో చిటికెడు వేరు, డబ్బాలో అరవై మాత్రలు వేరు.

ముక్కులో చేదు పసరు పిండటం, మణికట్టు మీద చురకలు పెట్టడం ఇంకా మానని ఊళ్లు ఉన్నాయి. పసిపిల్లలకు కూడా పెడతారు. ఆ పుండ్లు చీము పట్టి వచ్చిన పిల్లల చేతుల నుంచి నేను రక్తం తీశాను. సున్నపు తేటలో చేతులు కడిగించి, నీళ్లు పసుపుగా మారితే కామెర్లు దిగాయనడం మరో తంతు. మామిడి బెరడు రసం నా చేతులకే పూసుకుని సున్నపు తేటలో కడిగి చూశాను. నాకు కామెర్లు లేవు. నీళ్లు చక్కగా పసుపుగా మారాయి.

పత్యం, మందు, కాఫీ

పసరు కన్నా పత్యమే ఎక్కువ చెడుపు చేసింది. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, మజ్జిగన్నం మాత్రమే. నీళ్ల కామెర్లతో ఉన్న పాతికేళ్ల కుర్రవాడు ఆరు వారాలు దాన్ని తట్టుకుంటాడు. కాలేయం గట్టిపడిపోయిన యాభై ఏళ్ల మనిషి తట్టుకోలేడు, కండ కరిగిపోతుంది. అలాంటివారికి కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని, రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదైనా తినాలని ఇప్పటి వైద్యం చెబుతోంది. పప్పు, పెరుగు, గుడ్డు తిననివ్వండి. పొట్టలో నీరు చేరినవారికి మాత్రం ఉప్పు తగ్గించాలి. నీళ్ల కామెర్ల వారికి ఏది నోటికి రుచిస్తే అది కొంచెం కొంచెంగా పెట్టండి. చోడి, అంటే రాగి, అంబలి పల్చగా కాచి, చిటికెడు ఉప్పు వేసి, మజ్జిగ పోసి ఇస్తే వాంతి లేకుండా నిలుస్తుంది.

ఇక రెండో మందు. తాగేదానికీ, జబ్బుకు వేసేదానికీ మన భాషలో ఒకటే మాట ఉండటం వల్ల కలిగిన అనర్థం అంతా ఇంతా కాదు. "మేడమ్, ఉదయం నేల ఉసిరి తాగితే సాయంత్రం మందు తాగవచ్చు కదా?" అని ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. ఇల్లు తగలబెడుతూ చెంబుతో నీళ్లు చల్లినట్టు ఉంటుందని చెప్పాను. కల్లు చెట్టు నుంచి వచ్చింది కదా, జీలుగు కల్లు అడవి సరుకు కదా అంటారు. కాలేయానికి చెట్టు పేరు తెలియదు.

జ్వరం మాత్ర కూడా ఇంతే. పారాసెటమాల్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. రోజూ తాగేవారు, బక్కచిక్కినవారు రెండు గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రలో కూడా అదే ఉంటుంది, ఒళ్లునొప్పుల మాత్రలోనూ ఉంటుంది. మూడు వేరు వేరు దుకాణాల్లో కొంటే మూడూ కలిసి ఎంత అయిందో ఎవరూ లెక్క పెట్టరు. క్షయ మాత్రలు వాడుతూ కళ్లు పచ్చబడితే, పసరు తాగి మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఏది ఆపాలో, ఏది మార్చాలో వారు చెబుతారు.

కొవ్వు పట్టిన కాలేయం ఇప్పుడు విజయనగరంలో ప్రతి రెండో స్కానింగు రిపోర్టులోనూ కనపడుతున్నట్టుంది. దానికి ఆకు వెతకకండి. ఒంటి బరువులో నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గితే కాలేయం తేటపడుతుంది. నేను పెద్ద చెరువు గట్టు మీద నడుస్తాను, రాత్రి అన్నం మానేశాను, టీలో చక్కెర మానేశాను. కాఫీ మానలేదు. వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో కాఫీ తాగేవారికి కాలేయం గట్టిపడటం, కాలేయ క్యాన్సర్ తక్కువగా కనిపించాయి. చెట్ల సంగతి చెప్పమంటే నిజానికి ఇంత బలమైన రుజువు ఉన్న గింజ ఇదొక్కటే. మా ఆయనకు ఈ మాట చెప్పినప్పటి నుంచి మధ్యాహ్నం కాఫీ కూడా ఆయనే కలిపి ఇస్తున్నారు.

మనిషి మాట తడబడినా, పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా, చేతులు చాపితే వణుకుతున్నా, నెత్తురు కక్కినా, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా, పొట్ట ఉబ్బినా ఈ రాసిందంతా పక్కన పెట్టి వాహనం ఎక్కించండి. దారిలో ఎవరైనా పసరు ఇస్తానన్నా ఆగకండి.

ఎండబెట్టుకోవాలనుకునేవారికి: కాయలు ముదిరిన మొక్కను నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టాలి. ఎండలో వేస్తే గడ్డి అయిపోతుంది. తేమ ఉంటే బూజు పడుతుంది, బూజు విషం కాలేయానికి ఆకు చేసే మేలు కన్నా వంద రెట్లు కీడు చేస్తుంది. నలిపితే పొడిగా రాలాలి. కాగితం పొట్లంలో కట్టి, మీద తేదీ రాసి, గాజు సీసాలో పెడతాను. రెండు మొక్కలను మాత్రం కుండీలోనే వదిలేస్తాను. సిరిమాను నాటికి కాయలు ఎండి చిటుక్కున పగిలి గింజలు చిమ్ముతాయి, వచ్చే వానలకు పక్కనున్న గోంగూర కుండీలో కూడా మొలుస్తుంది. కొత్త మొక్క జానెడయ్యే సరికి పాత పొట్లం ఎరువు గుంటలోకి పోతుంది.